పాము రాయి మీద పసుపు

ఆ పొద్దు ఆకాశం దుమ్ము పట్టి, మడ్డి నీళ్ల రంగులో ఉంది. సూర్యుడు వచ్చాడో లేదో తెలియడం లేదు. సౌదీలో నజ్రాన్ శివారులో, ఏనాడో పాడుబడిన కోట పట్నం గోడ దగ్గర పనివాళ్లందరినీ వరసగా నిలబెట్టారు.

ఎదురుగా ఒక నిలువు రాయి. దాని మీద వేల ఏళ్ల కిందట ఎవరో చెక్కిన పాము. పాము తల నిండా పసుపు.

సౌదీ ఇంజనీరు గొంతు పెంచకుండానే అరబ్బీలో మాట్లాడుతున్నాడు. ఫోర్‌మన్ షరీఫ్ దాన్ని తెలుగులో చెబుతున్నాడు. పసుపు చెక్కడంలోకి ఇంకిపోయింది, కడిగితే రాయి పాడవుతుంది. చేసినవాడు ఒప్పుకుంటే దేశం విడిచిపొమ్మనే ఖురూజ్ ముద్ర కొట్టి ఊరికి పంపేస్తారు, మళ్లీ రానివ్వరు. ఒప్పుకోకపోతే అందరూ పోలీసుల దగ్గరికే.

చెబుతూ షరీఫ్ రాయి వైపు చూడటం లేదు. చెక్కిన రాళ్లను ముట్టొద్దని పనిలో చేరిన రోజే అందరికీ చెప్పింది అతనే.

చూపులన్నీ లింబాద్రి మీదికి తిరిగాయి. నిన్న గోడ కూలినప్పుడు బండలన్నీ ఈ రాయికి తట్టుకుని ఆగాయి. లేకుంటే కింద కాలువ తవ్వుతున్న లింబాద్రి మట్టిలో కలిసేవాడు. పైగా ఈ పొద్దున తాళాలు తీసే షరీఫ్‌తో పాటు మొదటి బండిలో వచ్చింది అతనొక్కడే.

"పానం కాపాడిన రాయికి పసుపు పెట్టకుంట ఉంటడా? మా ఊళ్లైతే కోడిని గూడ కోస్తరు," అని నాగేందర్ పక్కవాడితో గొణిగాడు.

లింబాద్రి తల దించుకున్నాడు. బిడ్డ కావ్య నర్సింగు చదువు సగంలో ఉంది. అది పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండాలని మొన్ననే అకామా, ఇక్కడ ఉండే అనుమతి కార్డు, పొడిగించుకున్నాడు.

ఇంజనీరు జేబులోంచి ఫోను తీశాడు. షరీఫ్ ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచాడు.

"ఆగు షరీఫ్ భాయ్," అన్నాడు లింబాద్రి. "నేనే పూసిన. ఆయనకు చెప్పు."

షరీఫ్ చెప్పలేదు. ఇద్దరిదీ భీంగల్ పక్కన ఒకే ఊరు, ఒకే వాడకట్టు.

"లింబన్నా..."

"చెప్పమంటున్న గదా. తెల్వక చేసిండని చెప్పు."

షరీఫ్ తల అడ్డంగా ఊపాడు. లింబాద్రి ఇంజనీరు వైపు తిరిగి, రొమ్ము మీద చెయ్యి వేసుకుని, తనకు వచ్చిన అరబ్బీలో 'నేను' అన్నాడు.

"అనా."

ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. సామాను సర్దుకొమ్మని సైగ చేసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద అన్నం, పప్పు. షరీఫ్ తన కంచం తెచ్చుకుని లింబాద్రి పక్కన కూర్చున్నాడు. షరీఫ్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయి ఉంటే, లింబాద్రి తన కంచంలోని మామిడికాయ తొక్కు తీసి అతని కంచంలో వేశాడు. షరీఫ్ తలెత్తకుండా తిన్నాడు.

లింబన్న బతికాడని ఆ రాయికి పసుపు పూసింది షరీఫే.