ఒక్కమాటమ్మ

"అడగాల్సినవి అడిగాం. ఇక కాసేపు ఊరుకుని దేవుడు చెప్పేది విందాం," అన్నారు పాస్టరుగారు.

మందిరం నిశ్శబ్దమైంది.

టైలరమ్మకి నిశ్శబ్దం గిట్టదు. ఇంట్లో కుట్టుమిషను ఆగితే చాలు, కూతురు గుర్తొస్తుంది. ఇక్కడా అంతే.

"ప్రభువా! నా ఒక్కగానొక్క బిడ్డ! ఆ ఇంటినుంచి విడిపించి నా దగ్గరికి పంపు తండ్రీ!" అని ఎత్తుకుంది.

పాస్టరుగారు నిట్టూర్చారు. ఆవిడ గొంతు ముందు మైకు దిగదుడుపే.

కూతురు తనకి నచ్చినవాణ్ణి చేసుకుని ఊరు విడిచి వెళ్ళింది. టైలరమ్మ పెళ్ళికి వెళ్ళలేదు. అల్లుడి మొహం గానీ, అతని ఇంటివాళ్ళ మొహం గానీ చూడలేదు. "నా గడప తొక్కావంటే నేను చచ్చినంత ఒట్టు," అంది ఫోనులో. ఆ తర్వాత ఆ పిల్ల ఫోను చెయ్యలేదు. పాత నంబరు పలకడం మానేసింది. ఆ ఒట్టు ఇప్పుడు టైలరమ్మనే ముల్లులా పొడుస్తోంది.

కొన్నాళ్ళుగా చివరి బెంచీలో ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంటోంది. నెరిసిన జుట్టు, బస్సులో నలిగిన బట్టలు. పాట పాడదు, సాక్ష్యం చెప్పదు. ఆరాధన కాగానే టైలరమ్మ దగ్గరికొచ్చి, "అమ్మా, ఒక్క మాట," అంటుంది.

అందరూ ఆవిడకి ఒక్కమాటమ్మ అని పేరు పెట్టేశారు. ఆ ఒక్క మాట ఏమిటో మాత్రం ఎవరూ వినలేదు.

"అమ్మా, ఒక్క మాట. మా ఇంట్లో పిల్లకి ఒంట్లో అస్సలు బాగాలేదు..."

"అంతేనా? కళ్ళు మూసుకో పెద్దమ్మా!" టైలరమ్మ ఆవిడ తలమీద చెయ్యి వేసేసింది. "ప్రభువా! ఆ పిల్లని ముట్టు! మంచంమీంచి లేపు! దాని కన్నతల్లి కడుపు చల్లగా ఉంచు!"

ఒక్కమాటమ్మ కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి.

"అది కాదమ్మా, ఆ పిల్ల..."

"విశ్వాసం ఉంచు. పేరు చెప్పక్కర్లేదు, ఆయనకి అన్నీ తెలుసు."

తర్వాతి వారమూ అదే తంతు. ఆవిడ నోరు తెరవడం, ఈవిడ ప్రార్థన అందుకోవడం.

ఒకరోజు ఆవిడ ఇంటికే వచ్చింది. "చెప్పు, వింటున్నా," అంది టైలరమ్మ మిషను ఆపకుండానే. చుట్టూ బట్టలకోసం వచ్చినవాళ్ళు. ఆవిడ కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

మళ్ళీ కనపడలేదు.

ఒక శనివారం టైలరమ్మ పాస్టరుగారి ముందు బావురుమంది.

"ఫోను ఆపేసి, తలుపులేసుకుని ఉపవాసముండి అడిగాను. ఎవరో తలుపు బాదినా లేవలేదు. అయినా దేవుడు ఒక్క మాట పలకడేం అయ్యగారూ?"

"నువ్వు సందు ఇస్తేగా తల్లీ! ఒక్కసారి ఊరుకుని చూడు."

ఆ ఆదివారం ఆవిడ పళ్ళబిగువున ఊరుకుంది.

ఫ్యాను తిరిగే చప్పుడు మొదటిసారి వినపడింది. ఎవరిదో దగ్గు. వెనకనుంచి మెల్లగా అడుగులు.

ఒక్కమాటమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది.

టైలరమ్మ చెయ్యి అలవాటుగా లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు పెద్దమ్మా," అంది.

"ఆ పిల్ల పోయిందమ్మా. మొన్న భూస్థాపన చేశాం."

అంత అరిచి ప్రార్థించింది టైలరమ్మ, పేరైనా అడగలేదు.

"కన్నతల్లి రాలేదా?"

"రాలేదు."

"అదేం తల్లి! కబురు పెట్టలేదా?"

"పెట్టడానికే ఇన్నాళ్ళూ తిరిగాను. 'నలుగురిలో చెప్పకండి, అమ్మ చిన్నబోతుంది. కోపం తగ్గిందనిపిస్తే ఒంటరిగా చెప్పండి' అంది పిల్ల. నాకేమో ఆ తల్లి ప్రార్థన విన్నప్పుడల్లా నోరు పెగల్లేదు. ఆఖరికి ఫోను చేశాం, పలకలేదు. మావాడు వెళ్ళి తలుపు బాదాడు, తియ్యలేదు. పిల్ల గుమ్మంవైపు చూస్తూనే కళ్ళు మూసింది."

టైలరమ్మ చేతులు చల్లబడ్డాయి. అడగొద్దనుకుంటూనే అడిగింది.

"ఆ పిల్ల... నీకేమవుతుంది?"

పెద్దావిడ ఆ చల్లటి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"కోడలు. నేను మీ వియ్యపురాలిని, వదినగారూ."