ముందు బ్రేకు

"కాళ్ళు కింద పెట్టాడు. ఫెయిలు. బండి పక్కకు తీయాలి" అన్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రాఘవ.

గేటు దగ్గర నిలబడ్డ మన్మథరావు పంచె ఎగ్గట్టి గ్రౌండులోకి దూసుకొచ్చాడు. నర్సీపట్నం శివార్లలో లైసెన్సు పరీక్షలు పెట్టే గ్రౌండు అది. నేల మీద సున్నంతో పెద్ద ఎనిమిదంకె గీసి ఉంది. దాని నడుమ ఆగిపోయిన కొత్త బండి మీద అతని కొడుకు మౌళి తల దించుకుని కూర్చున్నాడు. మొన్ననే పద్దెనిమిది నిండాయి. బండి హ్యాండిలుకు వేసిన పూజ దండ ఇంకా వాడనైనా వాడలేదు.

"ఏటండీ ఫెయిలు? కాలు తగిల్తే ఏటైపోనాది? పడిపోనాడా? రగతం కారిందా?"

"పడలేదు. బండి ఆపడానికి రెండు కాళ్ళూ నేలకేసి రాస్తున్నాడు. చెప్పులు అరుగుతున్నాయి గానీ చెయ్యి మాత్రం బ్రేకు మీదకు పోవడం లేదు." రాఘవ కుర్రాడి వైపు తిరిగాడు. "ఏం బాబూ, ముందు బ్రేకు ఎందుకు పట్టవు?"

"పట్టకూడదండి."

"ఎవడు చెప్పాడు?"

"మా నాన్నండి. పడితే బండి తిరగబడిపోద్దంట. ఆ బ్రేకు ఉందన్న సంగతే మర్సిపోమన్నాడండి."

"మరి వెనక బ్రేకు?"

"అదెప్పుడూ అవసరం రాలేదండి. మా జీడితోటలో నేర్సుకున్నానండి. దుక్కి మీద బండి అదే ఆగిపోద్ది."

లైనులో నిలబడ్డవాళ్ళు గొల్లుమన్నారు. మన్మథరావు మొహం కందగడ్డలా అయింది.

"ఏటి నవ్వుతారు? నాను పెళ్ళికి ముందునుంచీ బండి తోల్తన్నాను. ముందు బ్రేకు ఏనాడైనా ముట్టుకున్నానా? సచ్చిపోనానా?"

"చావలేదు గనక అదే డ్రైవింగు అనుకుంటున్నారు" అన్నాడు రాఘవ. "మీరు తోలింది పాత బండి, పరిగెత్తమన్నా పరిగెత్తదు. ఇది చెయ్యి తిప్పితే ఎగురుతుంది. హెల్మెట్టు కూడా లైనులో ఎవడినో అడిగి పెట్టుకున్నాడు. మీది ఏదీ?"

"ఇంట్లో ఉంది. షోరూమోడిచ్చిన కొత్త సరుకు. గీతలు పడిపోతాయని అట్టపెట్లోంచి తియ్యలేదు."

"గీతలు తలకు పడితే పరవాలేదా?"

గేటు దగ్గర్నుంచి మన్మథరావు భార్య పుష్పవతి గొంతు వినిపించింది. "ఏవండీ, పోనీలెండి. బాబుగారు సెప్పినట్టు సరిగ్గా నేర్సుకుని మళ్ళీ వద్దాం."

"నువ్వు నోర్ముయ్యే! సోమారం నుంచి ఈడు కాలేజీకి బండి మీదే ఎల్తాడని రోలుగుంటంతా సెప్పీసినాను. ఇప్పుడు ఫెయిలంటే నా మొకం ఎక్కడెట్టుకోవాల?"

"నాన్నా" అన్నాడు మౌళి, మెల్లగా. "నాకు ఆపడం రాదు నాన్నా."

"నీకన్నీ వచ్చు. ఈరే నిన్ను కంగారెట్టీసినారు."

రాఘవకు ఒళ్ళు మండింది. "రోజూ రోలుగుంట నుంచి ఇక్కడికా? ఆ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు చెప్పాపెట్టకుండా అడ్డం తిరుగుతాయి. అప్పుడు కూడా కాళ్ళు రాస్తాడా? ఆ చెరకు కిందనుంచి వీణ్ణి తీయాల్సింది ఎవరు, మీరా నేనా?"

"అపశకునం మాటలాడకండి బాబూ! మా వోడు పులి. మా ఊళ్ళో ఈడిలాగ బండి తోలీవోడు ఇంకోడు లేడు. పాసని సంతకం పెట్టండి. పెట్టీదాకా ఇక్కణ్ణుంచి కదల్ను."

అన్నమాట ప్రకారం మన్మథరావు ఎనిమిదంకె మధ్యలో మఠం వేసుకుని కూర్చున్నాడు.

లైనులోంచి కేకలు లేచాయి. "లెగండి పెద్దాయనా! మాకు టైమైపోతంది."

"ఓలమ్మా, ఈ ముసిలోడికే ముందు బ్రేకెయ్యాల్రా!"

మన్మథరావు ఎవరినీ లెక్కచెయ్యలేదు. సున్నం పంచెకంతా అంటుకుంది. అయినా కదల్లేదు.

రాఘవ విసురుగా జేబులోంచి పెన్ను తీశాడు. "సరే. పెడతాను సంతకం. పాసు చేస్తాను. మీ వాడు పులి కదా?"

"పులే!"

"అయితే రోడ్డెక్కక్కర్లేదు. ఈ గ్రౌండులోనే కాస్త స్పీడుగా ఒక్క రౌండు కొట్టి, అదిగో, ఆ రాతిగోడ ముందు బండి ఆపాలి. వాడి వెనక మీ ఇంట్లోవాళ్ళు ఒకరు కూర్చోవాలి. అంతే."

"అంతేనా?"

మన్మథరావు చటుక్కున లేచి పంచె దులుపుకున్నాడు. లైను వైపు తిరిగి మీసం దువ్వాడు. "ఇప్పుడు సూడండర్రా మా వోడి దెబ్బ!"

"వద్దు నాన్నా" అన్నాడు మౌళి.

"ఏటి వద్దు? దేనికి భయం? నానున్నాను కదా!" కొడుకు వీపు మీద గట్టిగా చరిచి, తనే వంగి తాళం తిప్పి బండి స్టార్టు చేశాడు మన్మథరావు. ఇంజను గుర్రుమంది. నవ్వులు ఆగిపోయాయి. అతను రాతిగోడ వైపు ఒకసారి చూశాడు. కొడుకు కాళ్ళకున్న అరిగిన చెప్పుల వైపు ఒకసారి చూశాడు. తరవాత గేటు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"ఓలే పుష్పా! అలా నిలబడిపోనావేటే? బేగి వచ్చి ఈడి ఎనకాల కూకో!"