లేరన్న మాట

"నేను బతికున్నానా, పోయానా? సరిగ్గా చూసి చెప్పండి."

పేపరు వచ్చి బల్ల మీద పడింది. టీ గ్లాసు ఎత్తబోతున్న న్యూస్ ఎడిటర్ ఆగిపోయాడు. ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో ఊగిపోతూ ఒక మనిషి. బీమా ఆఫీసులో మేనేజరు. ఆయన వెనక, తలుపు దగ్గరే, ఆయన భార్య గోడ పట్టుకుని నిలబడింది. నిన్నటి మారథాన్‌లో ఆఖరి దాకా పరిగెత్తిన మనిషి. ఇవాళ నాలుగు మెట్లెక్కడానికి కాళ్ళు మొరాయిస్తున్నాయి.

ఎడిటర్ పేపరు తిప్పి చూశాడు. మూడో పేజీలో ఆమె ఫోటో. దాని మీద పెద్దక్షరాలతో: "భర్త లేని బాధను పరుగులో మరిచి."

"కూర్చోండి సార్."

"పోయినవాడు ఎక్కడ కూర్చుంటాడండీ? మా అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. నా గొంతు విని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆఫీసుకెళ్తే అందరూ లేచి మౌనం పాటిస్తున్నారు. ఎవరో పోయారనుకుని నేనూ నిలబడ్డాను."

భార్య పెదవి చివర కదిలింది.

"నీకు నవ్వెందుకొస్తోంది?"

"రాలేదండీ."

ఎడిటర్ విలేకరిని పిలిచాడు. అతను కళ్ళజోడు పైకి తోసుకుంటూ వచ్చి, బల్ల మీది పేపరూ ఎదుటి మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"మేడమే చెప్పారు సార్. పరుగు అయ్యాక 'మీవారు?' అని అడిగాను. 'లేరు' అన్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు."

"చెమట," అందామె.

"లేరంటే అక్కడ లేరనా, అసలు లేరనా అని అడగొద్దటయ్యా?" ఎడిటర్ విసుక్కున్నాడు.

"అలా మొహం మీద ఎలా అడుగుతాం సార్?"

"అక్కడ లేననే," అన్నాడు భర్త. "తలనొప్పిగా ఉండి ఇంట్లో పడుకున్నాను. ఆ మాత్రానికి చంపేస్తారా?"

ఎడిటర్ కలం తీశాడు. "పొరపాటు మాదే సార్. రేపు సవరణ వేస్తాం. మీరు క్షేమంగా ఉన్నారని."

"ఒట్టి క్షేమం కాదు. 'భర్త ప్రోత్సాహంతోనే ఈ విజయం' అని వేయండి." జేబులోంచి పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. "పక్కన ఇది."

అప్పటిదాకా గోడ పట్టుకుని ఉన్న భార్య మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏ ప్రోత్సాహమండీ?"

"ఏం, నిన్నెవరైనా ఆపారా?"

"నా బూట్లు అటక మీద పడేశారు."

"ఇల్లు సర్దేటప్పుడు వెళ్ళుంటాయి."

"ఇల్లు సర్దేది నేను."

విలేకరి దగ్గాడు.

"ఈ వయసులో పంట్లాం తొడుక్కుని రోడ్ల వెంట పరిగెడితే నలుగురూ ఏమనుకుంటారన్నాను," భర్త ఎడిటర్ వైపు తిరిగాడు. "అదీ దాని మంచికే. ఆ మాటకి పౌరుషం వచ్చి పరిగెత్తింది. అది ప్రోత్సాహం కాదా? రాసుకోండి."

ఎడిటర్ రాయలేదు. "మీరు చెప్పండమ్మా. అసలెందుకు పరిగెత్తారు?"

"ఈయనకి నిన్ననే చెప్పాను." ఆమె విలేకరిని చూపించింది. గొంతు మొదటిసారి పెరిగింది. "ఇంట్లో నేను చేసే పని ఏదీ అయిపోదు. గిన్నెలు తోముతాను, మధ్యాహ్నానికి సింకు మళ్ళీ నిండుతుంది. బట్టలు ఉతుకుతాను, సాయంత్రానికి విడిచి పడేస్తారు. తుడిచిన చోటే తొక్కుతారు. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తానంటే మాత్రం పరిగెత్తినట్టే. మర్నాటికి ఎవరూ వచ్చి దాన్ని మాపలేరు. అందుకు పరిగెత్తాను. ఇంతే చెప్పాను. ఒక్క ముక్క వేయలేదు."

"వేద్దామనే అనుకున్నాను మేడం. కానీ గిన్నెలూ బట్టలూ అంటే ఎవరు చదువుతారు? ఆడవాళ్ళు ఇంత దూరం పరిగెత్తారంటే వెనక ఏదో గట్టి కారణం ఉండాలి కదా."

"నా పక్కన పరిగెత్తిన మగాయన సరదాకి పరిగెత్తానన్నాడు. ఆయనకి సరదా అనే వేశారు. నేను పరిగెత్తడానికి ఇంట్లో ఒకరు పోవాలా?"

విలేకరి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు.

"ఆ గిన్నెల గోల పేపర్లో ఎందుకు?" భర్త మధ్యలో అందుకున్నాడు. "ఇంట్లో చాకిరీ చేయించి చంపుతున్నాననుకుంటారు. నేను చెప్పిందే వేయండి. ఏదో ఇరవై కిలోమీటర్లు పరిగెత్తినందుకు ఇంత రామాయణమా?"

"నలభై రెండు సార్," అన్నాడు విలేకరి. "ఇప్పుడేగా చెప్పారు."

"ఏదో ఒకటిలే. ఎడిటర్ గారూ, ఫోటో కింద నా హోదా కూడా వేయండి. సీనియర్ మేనేజర్ అని."

ఆమె భర్తని చూసింది. కాసేపు అలాగే చూసింది. ఆయన బల్ల మీద తన ఫోటోని తిన్నగా సర్దుతున్నాడు.

"అమ్మా, పరిగెత్తింది మీరు," అన్నాడు ఎడిటర్, కలం కాగితం మీద ఆనించి. "సవరణ మీరు చెప్పినట్టే వేస్తాను. ఏం రాయమంటారు?"

ఆమె కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచింది. నొప్పికి పళ్ళు బిగించి, ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు దాకా వెళ్ళి, ఆగింది.

"సవరణ వద్దండీ. మీ విలేకరి సరిగ్గానే విన్నారు. నేనన్నది అసలు లేరనే."