పొగ లేచిన చోటు

నర్సు డ్యూటీ నుంచి వస్తే జుట్టంతా మాడు వాసనేనని పక్కింటావిడ వీధిలో చెప్పుకుందట. “ఆ ఆపరేషన్ గదిలో మనుషుల్ని కుడుతున్నారో, వేయిస్తున్నారో!” అందట.

ఆ మాటలో సగం నిజమే. రక్తం కారే నాళాన్ని ఒకరు ఫోర్సెప్స్ అనే సన్నటి ఇనప పట్టకారుతో పట్టుకుంటే, డాక్టరు ఆ పట్టకారుకే కరెంటు పెన్ను తాకించి కాలితో పెడల్ నొక్కుతాడు. నాళం మాడి మూసుకుంటుంది, సన్నగా పొగ లేస్తుంది.

ఆ రాత్రి బల్ల మీద ఒక బస్సు డ్రైవరు. తెరిచిన ఛాతీలో ఎక్కడో లోతున రక్తం చెలమలో నీళ్ళలా ఊరుతోంది. నర్సు ఒక చేత్తో గొట్టం పెట్టి తోడుతోంది, ఇంకో చేత్తో కోత అంచును కొక్కెంతో లాగి పట్టుకుంది. తోడినకొద్దీ నిండుతోంది.

“బీపీ పడిపోతోంది, త్వరగా కానీ గురూ,” అన్నాడు తలవైపు కూర్చుని గాలి సంచి నొక్కుతున్న మత్తు డాక్టరు. రోగి కాక గదిలో ఉన్నది డాక్టరు, నర్సు, అతనూ, ఆ ముగ్గురే.

డాక్టరు ఊపిరితిత్తిని పక్కకు ఒత్తి, వంగి చూశాడు. లైటు కింద అంతా కలలోలా మెత్తగా, నెమ్మదిగా ఉంది. ఆ ఎరుపులో గ్లౌజు తొడిగిన ఒక చెయ్యి, అది పట్టుకున్న ఫోర్సెప్స్ కొసకు చిక్కిన నాళం కనిపించాయి.

“దొరికింది! అలాగే పట్టుకో తల్లీ, కదలకు.”

పెన్ను తాకింది. మిషను తుమ్మెదలా జుమ్మంది. పొగ లేచింది. రక్తం ఆగింది.

“భలే పట్టావమ్మా! గ్లౌజుకి చిల్లుంటే చురుక్కుమనేదే. చెయ్యి కాలలేదు కదా?” డాక్టరు నవ్వాడు.

నర్సు ఛాతీలోకే చూస్తోంది. ఆ చెయ్యి ఇంకా పట్టు వదల్లేదు.

“నా రెండు చేతులూ ఇవిగో సార్. అది నాది కాదు.”