పుట్టు వన్నె

పర్శరాములు రాగి పైసను నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అరుగు కింద నిలబడ్డ పోచవ్వ మొఖం పక్కకు తిప్పుకుంది.

"పుట్టు వన్నె" అన్నాడు కళ్లు తెరిచి. "ఎవ్వని చెయ్యి పడలే దీని మీద."

రాగి నాణేల సంగతి మంచిర్యాలలో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయనే చెప్పుకునేవాడు కాబట్టి నిజమే అయ్యుండాలి. రెవెన్యూలో గిర్దావర్ నౌకరీ దిగి పెన్షన్ పట్టిన నాటి నుంచి అదే ధ్యాస. నయా పైసలు వచ్చాక జనం పాత పైసలను కంచరివాళ్లకు తూకానికి వేస్తుంటే, ఈయన ఏరి తెచ్చి పట్టుగుడ్డ మీద పరిచేవాడు.

ఏండ్ల తరబడి కదలకుండా పడి ఉన్న రాగికి తనంత తానే వచ్చే రంగు పుట్టు వన్నె. చింతగింజ రంగు, మీద పలచగా నెమలి మెడ పచ్చ. పొగబెట్టో పేడలో పాతేసో తెచ్చేది పెట్టు వన్నె. ఇక చింతపండుతో తోమినదాన్ని ఆయన నాణెం అనేవాడే కాదు. గిన్నె అనేవాడు.

తేడా కంటికి దొరకదు, నాలుకకు దొరుకుతుంది. తోమినది పుల్లగా తగులుతుంది. పొగబెట్టినది చేదు. అసలు వన్నె చప్పగా ఉంటుంది. దాన్ని కడగకూడదు, తుడవకూడదు. వన్నె పోతుంది.

మిగతా లోకాన్ని మాత్రం ఆయన కడగకుండా వదిలేవాడు కాదు. హోటల్లో చాయ తాగడు, ఏ నోరు తాకిన గ్లాసో అని. మనుమరాలు కొరికిన జామకాయ ఇవ్వబోతే చేతులు వెనక్కు తీసుకున్నాడు. ఎంగిలి అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్లు జలదరించేది.

పోయిన ఏడు ఆసిఫాబాద్ ప్రదర్శనలో మెడల్ ధర్మపురి కైలాసం పట్టుకుపోయాడు. బట్టల దుకాణం మనిషి. పర్శరాములు నాణేలు చూసి, ఇవి తోమినవి కదా అన్నారు పరీక్షించేవాళ్లు. దీపావళికి ఇత్తడి సామానుతో పాటు వాటినీ తళతళలాడించింది భార్య బాలవ్వ. ఆ నాటి నుంచి ఆమెతో మాటలు తగ్గాయి. ఈసారీ మెడల్ రాకపోతే ఇక బజారులోకి రానని పదిమందిలో అనేశాడు. అనకుండా ఉండాల్సింది. ఆ పదిమందీ ఎదురుచూస్తున్నారు.

అట్లాంటప్పుడు దొరికింది పోచవ్వ. నస్పూర్ దగ్గర కొత్త క్వార్టర్లకు పునాదులు తవ్వే కూలి. ఒక్కో తాన ఒక్కోటిగా దొరికిన పైసలను మోదుగాకులో చుట్టి తెచ్చి అరుగు అంచున పెట్టేది. చేతికి ఇచ్చేది కాదు. తన ఆచారం ఎరిగిన మనిషని ఆయన మెచ్చుకునేవాడు.

"ఇంట్ల ఏమన్న దాస్తున్నవా?" అని అడిగాడు ఆ రోజు.

"ఇంటికా? గడప దాటనియ్య అయ్యా. గివి మీకిచ్చి, గోదారిల మునిగే ఇంటికి పోత."

"ఇన్నవా?" అన్నాడు లోపలికి చూసి. "కూలి చేసుకునేదానికున్న మడి నీకున్నదా?"

బాలవ్వ చేట అందుకుంది. జొన్నలు తెచ్చి పోచవ్వ కొంగులో పోసింది.

"అయ్యా, గవి జర కడుక్కుంటె మంచిదేమో" అన్నది పోచవ్వ.

పర్శరాములు నవ్వాడు. "నువ్వు మట్టి తవ్వవే. రాగి సంగతి నాకు ఇడిసిపెట్టు."

"మీ ఇష్టం. చెప్పుడు నా వంతు."

ఎక్కడివి అని మాత్రం ఆయన ఎన్నడూ అడగలేదు. తెలియనివాళ్లు అడుగుతారు. అది పాత రాజుల ఖజానా అని ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది.

ప్రదర్శన రోజు వచ్చింది. దొరికిన చోటు చెప్పే మనిషి ఉండాలన్నారని పోచవ్వను కూడా తీసుకుపోయాడు. పరీక్షించడానికి హైదరాబాద్ నుంచి దేవదాస్ అనే పెద్దమనిషి వచ్చాడు. ముందు కైలాసం నాణేలు చూశాడు, తర్వాత ఇవి.

"కన్నుతోటి కాదు సార్, నాలుక మీద పెట్టి చూడుండ్రి" అన్నాడు పర్శరాములు.

దేవదాస్ కొంచెం సంకోచించి ఒకటి పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. పక్కనున్న తహసీల్దారుకు ఆశ పుట్టింది. ఆయన పెద్ద హోదా మనిషి కాబట్టి పెద్ద పైస ఇచ్చారు.

"ఏ రుచీ లేదు" అన్నాడు దేవదాస్ మెచ్చుకోలుగా. "ఇంత చక్కని వన్నె నేను చూడలేదు. మెడల్ మీదేనండీ. దొరికిన చోటు ఒక్కటి రాసుకోవాలి."

"ఖజానా. రాజుల నాటిది" అన్నాడు పర్శరాములు, కైలాసాన్ని చూస్తూ.

కైలాసం ఊరుకునే మనిషి కాదు. "ఖజానా అయితె ఒక్క కుండల దొరకాలె కదా గిర్దావర్ సాబ్. ఒక్కొక్క పైస ఒక్కొక్క తాన దొరికిందని మీరే అంటిరి, గదెట్ల? ఏ పోరగాండ్ల గల్లగురుగులు పగలగొట్టి తెచ్చినవో ఏమో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పర్శరాములు మొఖం కందిపోయింది. మెడల్ బల్ల మీదే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. పట్టుగుడ్డ మీది నుంచి అన్నిటికన్నా మంచి పైస తీసి, అందరూ చూస్తుండగా నాలుక మీద పెట్టుకుని నోరు మూశాడు. పోచవ్వను ముందుకు రమ్మని చేత్తో సైగ చేశాడు.

"భయపడకమ్మా" అన్నాడు దేవదాస్. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎక్కడివి ఇవి?"

పోచవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది: "గది పాత బొందలగడ్డ సారూ, పూడ్చేటప్పుడు ఒక్కొక్క పీనుగు నాలుక మీద ఒక్కొక్క పైస పెట్టిండ్రు."