చేప గుర్తు చిత్రిక

"ఒరేయ్, దింపరా దాన్ని! అది నా చిత్రిక!"

పెద్దల్లుడి కేకకు వడ్రంగి షెడ్డులో రంపాలన్నీ నోళ్ళు మూసుకున్నాయి. చిన్నల్లుడు మాత్రం బల్లమీద చెక్కను తాపీగా నునుపు చేస్తూనే ఉన్నాడు. చిత్రిక తోసినప్పుడల్లా చెక్కపొట్టు ఉంగరాలు తిరుగుతూ పైకి లేస్తోంది, దాంతోపాటే పెద్దల్లుడి బీపీ కూడా.

"నీదా అన్నయ్యా? ఏదీ, ఓసారి పిలువు. పలుకుతుందేమో చూద్దాం."

ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు, ఒకే షెడ్డులో పనివాళ్ళు. తోడల్లుళ్ళన్నాక తోడుండాలి. వీళ్ళ మధ్య తోడుకున్నది పగ ఒక్కటే. షెడ్డును ఎవరో ఒక అల్లుడికి అప్పజెప్పి పక్కకు తప్పుకుంటానని మామగారు అన్నప్పటినుంచి ఆ పగ గడ్డకట్టి, కత్తితో కోసుకునేలా తయారైంది.

పెద్దల్లుడు చిత్రిక లాక్కుని తిరగేశాడు. ఆ షెడ్డులో ఎవడి పనిముట్టు మీద వాడు ఉక్కు అచ్చుతో గుర్తు కొట్టుకుంటాడు. పెద్దల్లుడిది చేప. చిన్నల్లుడిది చుక్క. చిత్రిక ముందువైపు చుక్క మిలమిల్లాడుతోంది. చేప జాడే లేదు.

"చూశావా? చుక్క!"

"పట్టపగలే చుక్కలు చూపిద్దామనుకున్నావట్రా నాకు? నా చేపను గీకేసి నీ చుక్క కొట్టుకున్నావు!"

"నీ చేపను నేనేం చేసుకుంటానయ్యా, వండుకుంటానా?"

"నా అరచేతిలో అరిగిన పిడిరా ఇది. కళ్ళు మూసుకుని పట్టుకున్నా చెబుతాను. నా పెళ్ళికి మామయ్య కొత్త పిడి వేసి, చెక్కంతా నున్నగా తీసి, స్వయంగా నా చేతిలో పెట్టిన చిత్రిక ఇది!"

చెవిమీద పెన్సిలుతో మామగారు వచ్చారు. "పొద్దున్నే ఏంటర్రా ఈ సుత్తి?" అన్నారు, చేతిలో సుత్తి పట్టుకునే.

"మీరే తేల్చండి మామయ్యా. పనిముట్టు కొట్టేసినవాడికి ఈ షెడ్డులో చోటు లేదన్నది మీ మాటే. వీడు దొంగైతే వీడు పోవాలి. నాది అబద్ధమైతే నేనే పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని పోతాను."

"తొందరగా తేల్చండి మామయ్యా. అన్నయ్య సామాన్లు సర్దుకోవద్దూ?"

మామగారు చిత్రికను చూసి చూపు తిప్పుకున్నారు. "ఒక్క ముక్క చెక్క కోసం నాకీ రంపపు కోతేంటి? పెద్దల్లుడూ, నీకు కొత్తది చేయిస్తాలే. వదిలెయ్."

"కొత్తది నాకొద్దు. వీడి బండారం బయటపడాలి." పెద్దల్లుడు విసవిసా పొయ్యి దగ్గరకెళ్ళి, టీ కోసం మరుగుతున్న నీళ్ళలో గుడ్డ ముంచుకొచ్చాడు.

"ఏం అన్నయ్యా, దానికి లాల పోస్తావా?"

"నవ్వు, నవ్వు. అచ్చు కొడితే లోపలి పోగుదాకా అణుగుతుందిరా. నువ్వు పైపైన ఎంత గీకినా, అణిగిన పోగు లోపల అలాగే ఉంటుంది. వేడినీళ్ళు తాగించామా, ఉబ్బి పైకి లేస్తుంది. చెక్కకి నీలా అబద్ధాలు రావు."

చిన్నల్లుడి నవ్వు సగంలో విరిగిపోయింది. మామగారు అడ్డం వచ్చారు. "వద్దొద్దు! పాత చెక్క. నీళ్ళు తగిలితే పగిలి ఊరుకుంటుంది!"

"పగలనివ్వండి. నాదేగా!"

గుడ్డ కప్పి బొటనవేళ్ళతో అదిమిపట్టాడు. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. కాసేపటికి గుడ్డ తీశాడు. చుక్క పక్కన మొదట తోక లేచింది, ఆ తర్వాత పొట్ట, ఆపైన తల. నీళ్ళు చూశాక చేపకు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడేమంటావురా దొంగా?"

చిన్నల్లుడి నోరు అచ్చం ఆ చేపలాగే తెరుచుకుని మూసుకుంది. ఇక దాచి లాభం లేదనుకుని ఎదురు తిరిగాడు. "అవును, తీశాను! ఈ చిత్రిక పెట్టుకుని నువ్వు మామయ్య దగ్గర మార్కులు కొట్టేస్తున్నావు. నేను చిత్రిక కొట్టేశాను. సరికి సరి!"

"సరేరా, ఇక సర్దుకో!"

మామగారు గబగబా చెయ్యి చాచారు. "తేలిపోయిందిగా. ఇలా తే, ఆరబెడతాను."

"ఆగండి మామయ్యా. వెనకవైపు కూడా ఒక చేప కొట్టాను. అది కూడా లేపితే రేపు వీధిలో వీడు మాట మార్చడానికుండదు."

"ఒకటి చాలదూ!" మామగారి గొంతు చెక్కలో ఇరుక్కున్న రంపంలా కీచుమంది.

పెద్దల్లుడు అప్పటికే తడిగుడ్డ అదిమేశాడు. రెండో చేప కూడా లేచింది. దాని పక్కన ఇంకేదో లేస్తోంది. ముందుకు చాచిన రెండు డెక్కలు, వంకర తిరిగిన తోక, తోక చివర కొండి. చేప ఒక్కటే తేలుతుందని చూస్తే, పక్కనే తేలింది తేలు.

చిన్నల్లుడు వంగి చూశాడు. "మన షెడ్డులో తేలు గుర్తు ఎవరికీ లేదే! ఎవరిదన్నయ్యా ఇది?"

పెద్దల్లుడు తేలు మీద వేలు పెట్టి, నిజంగా కుట్టినట్టు వెనక్కి లాక్కున్నాడు. మెల్లగా మామగారి వైపు తిరిగాడు. అప్పటిదాకా షెడ్డు కప్పు లేచిపోయేలా అరిచిన గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"మా నాన్నది. ఈ చిత్రిక దొంగిలించానని ఆయన నన్ను చావబాది ఇంట్లోంచి గెంటేసిన రోజునే కదా మామయ్యా, మీరు జాలిపడి నన్ను పనిలో పెట్టుకున్నది?"