ఎవరిదో తెలియని రవిక

"చంక దగ్గర బట్ట ఎంత మిగిలింది పెద్దమ్మా?" హైదరాబాద్ నుంచి ఫోన్లో అడిగింది దీక్షిత.

"రెండు వేళ్లంత."

"అయితే చెయ్యి పొడుగు తొమ్మిది పెట్టు. కుట్టినంక చెప్పు, తర్వాతది చెప్త."

జహీరాబాద్ బస్టాండు వెనక కుట్టుమిషన్ ముందు కూర్చున్న తారాబాయికి ఒళ్లు మండింది. పక్కింటి పిల్ల, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది కదా అని ఊరుకుంది. ఆదివారం వచ్చి ఎర్ర పట్టుముక్క ఇచ్చిపోయింది, కొలతలేమో రోజుకొకటి! అదే రోజు దండెం మీద ఆరేసిన తన పాత రవికను ఎవరో ఎత్తుకుపోయారు. చిరుగుల రవికతో వాళ్లేం ఊరేగుతారో! ఊరందరికీ టేపు పట్టే తారాబాయి తన ఒంటికి ఏనాడూ పట్టలేదు. ఆ పాతదాన్నే ఆదిగా పరిచి కత్తిరించుకునేది.

"నడుము ముప్పై ఆరంటివి. పుల్లలెక్క ఉంటవు, గీ కొలత నీది కాదు. మీ మేడమ్‌దా?"

"చెప్ప. ఎవరికో తెల్వకుండనే కుట్టాలె. నా పరిశోధన గదే."

"గదేం చదువే?"

"ఎక్కడో ఉన్న క్వాంటం కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీద సన్నటి కణాలు పంపుతం. అది వాటిని ముందే ఒకదానికొకటి ముడేస్తది. ఒక్కొక్కదాన్ని ఎట్ల కొలవాలో మేం చెప్తం. ఏం వచ్చిందో అది చెప్తది. దాన్నిబట్టి తర్వాతది. కొలుచుడు అయిపోతే లెక్క అయిపోయినట్టే. ఏం లెక్క చేసిందో మాత్రం దానికే తెల్వది!"

తారాబాయి చేతిలో కత్తెర ఆగిపోయింది. ఈ గల్లీలో గచ్చకాయలాడిన పిల్ల బుర్రలో ఇంత ఉందా! ఆమె కళ్లు చెమర్చాయి.

"శనివారం నా ప్రసంగం. నువ్వు రావాలె పెద్దమ్మా."

"రావాలనే ఉన్నది బిడ్డా. పట్టుచీరె ఉన్నది గని మీదికి రవిక లేదు. గంత పెద్ద సభకు ఎట్లొస్త?"

"నేను కొనిస్త."

"ఊరికే ఇస్తే ముట్టనని తెల్వదా నీకు?"

దీక్షిత మెడ కొలత చెప్పి ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం ఆమె వచ్చేసరికి రవిక తయారు. ఎక్కడా కుట్టు కనబడలేదు.

"మనిషిని చూడకుండ కుట్టిన. పట్టకపోతే మీ సభల నా ఇజ్జత్ పోతది," అంది తారాబాయి బెంగగా.

"ఫికర్ చెయ్యకు, బరాబర్ పడతది. రేపు మొదటి వరుసల కూసునే మనిషి గిదే వేసుకుంటది. నమ్మకుంటే ఆది చూసుకో," అంటూ దీక్షిత ఓ చిన్న సంచి ఆమె ఒళ్లో పెట్టింది.

అందులో దండెం మీంచి పోయిన రవిక ఉంది.